బెల్ట్ ఉంది సార్ అంటున్నారు, హుక్కు దేనికి తగిలించాలి? – అపార్ట్‌మెంట్ బయటి పెయింటింగ్, ఎత్తులో పని

నిజాంపేట వాసి | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నిజాంపేటలో 9 అంతస్తుల అపార్ట్‌మెంట్. రెండు బ్లాకులు, 108 ఫ్లాట్లు. కట్టి 11 ఏళ్లయింది. బయటి గోడల పగుళ్లు పూడ్చి రంగు వేయించాలని అసోసియేషన్ తీర్మానించి, ఆ పని చూసుకోమని నాకు అప్పజెప్పింది. బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ని, కట్టుబడి పనులు నాకు కొత్త.

మూడు కొటేషన్లు వచ్చాయి. మొదటిది 19 లక్షల 20 వేలు, రెండోది 21 లక్షల 75 వేలు, మూడోది 23 లక్షల 90 వేలు. మూడో ఆయన ఒక్కడే "ఎత్తులో పని భద్రత" అని విడిగా 1,85,000 వేశాడు. కమిటీలో చాలామంది మొదటి ఆయనకే ఇచ్చేద్దాం అంటున్నారు.

నిన్న ఆ మొదటి ఆయన మనుషులు శాంపిల్ వేయడానికి వచ్చారు. ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, టెర్రస్ మీద నుంచి తాడు వేసుకుని చెక్క పలక మీద కూర్చుని ఏడో అంతస్తు దాకా దిగాడు. నడుముకు బెల్ట్ ఉంది. దాని హుక్కు, పలక వేలాడుతున్న తాడుకే తగిలించి ఉంది. పైకెళ్లి చూశాను. ఆ తాడు పిట్టగోడ మీదుగా వచ్చి నీళ్ల పైపుకు కట్టి ఉంది. మేస్త్రీని అడిగితే "బెల్ట్ ఉంది కదా సార్, మావాళ్లకు ఇదంతా అలవాటే" అన్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. ఇది సరైన పద్ధతేనా? కాకపోతే కాంట్రాక్టర్‌ను నేనేం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

సైట్ సేఫ్టీ | శనివారం రాత్రి 10:25

సరైన పద్ధతి కాదండి. శాంపిల్ అయినా సరే, రేపు వాళ్లు మళ్లీ దిగకుండా ముందు ఆపండి. మిగతా మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు.

17 ఏళ్లుగా సైట్ల మీద సేఫ్టీ చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు కోకాపేట వైపు ఒక టవర్ సైట్‌లో చేస్తున్నాను. మీరు చెప్పినదాంట్లో మూడు తప్పులున్నాయి, ఒక్కొక్కటీ ప్రాణం తీసేదే.

ఒకటి, కూర్చున్న తాడుకే హుక్కు తగిలించడం. ఆ తాడు తెగినా, పైన ముడి జారినా పలక, మనిషి, బెల్ట్ అన్నీ కలిసే కిందికొస్తాయి. బెల్ట్ తాడు వేరుగా ఉండాలి, దాన్ని వేరే చోట కట్టాలి. మేం దాన్ని లైఫ్‌లైన్ అంటాం. దాని మీద రోప్ గ్రాబ్ అనే చిన్న పరికరం మనిషితోపాటు పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. ఒక్కసారిగా జారితే పట్టేస్తుంది.

రెండు, నడుం బెల్ట్. పడిపోతున్న మనిషిని ఆపడానికి అది పనికిరాదు. పడిన దెబ్బంతా నడుము మీద, పొట్ట మీద పడుతుంది, లేదా మనిషి తలకిందులై అందులోంచి జారిపోతాడు. అమెరికా నిర్మాణ రంగంలో ఈ పనికి నడుం బెల్ట్ వాడకాన్ని 1998 జనవరి 1 నుంచే నిషేధించారు. భుజాలు, ఛాతీ, తొడలు అన్నీ పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. మన దేశంలో దానికి ఐఎస్ 3521 ప్రమాణం ఉంది, హెల్మెట్‌కు ఐఎస్ 2925. హార్నెస్ మీద కుట్టిన లేబుల్ చూడండి. లేబుల్ చిరిగిపోయి చదవడానికి రాకపోతే ఆ హార్నెస్ వద్దు.

మూడు, నీళ్ల పైపు. దీని గురించి ఇంజనీర్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది.

ఇంకొకటి. హార్నెస్ అనేది చివరి ఉపాయం. బ్రిటన్‌లో 2005 నాటి ఎత్తు పనుల నిబంధనల్లో వరుస స్పష్టంగా ఉంటుంది. మొదట అసలు ఎత్తుకు ఎక్కకుండా పనవుతుందేమో చూడాలి. కుదరకపోతే పడకుండా రెయిలింగ్, ప్లాట్‌ఫామ్ పెట్టాలి. అదీ కుదరనప్పుడే పడినవాణ్ని ఆపే బెల్టూ వలా. మీ బిల్డింగ్ గోడలు తిన్నగా ఉంటే క్రేడిల్ వాడమనండి, అంటే పైనుంచి వేలాడదీసే, చుట్టూ రెయిలింగ్ ఉన్న తొట్టి. ఆ కుర్రాడు కూర్చున్నలాంటి జూలా పలక ఇరుకు డక్టులకు మాత్రమే, అదీ రెండో తాడుతో.

---

రంగుల మేస్త్రీ | ఆదివారం ఉదయం 6:50

నేను పెయింటింగ్ కాంట్రాక్టర్‌ని. పదహారేళ్ల వయసులో జూలా మీద కూర్చోవడంతోనే ఈ పనిలోకి వచ్చాను, కాబట్టి ఆ కుర్రాడి పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి.

సేఫ్టీ సార్ చెప్పిందంతా నిజం. కానీ అసోసియేషన్లు ఎలా ఉంటాయో కూడా చెప్పనివ్వండి. కొటేషన్‌లో క్రేడిల్ అద్దె, లైఫ్‌లైన్లు, హార్నెస్‌లు, పైన ఒక మనిషి అని రాసి ఇస్తే "ఇవన్నీ ఎందుకయ్యా, చదరపు అడుగుకు ఎంత?" అనే అడుగుతారు. రెండు రూపాయలు తక్కువ చెప్పినవాడికి పని ఇచ్చేస్తారు. నేను అలా పోగొట్టుకున్న పనులు కనీసం పది ఉంటాయి. పని పోతే నా దగ్గరున్న 14 మందికి ఆ నెల కూలి ఎక్కడి నుంచి తేవాలి? అలా మూడేళ్ల కిందటి దాకా నేనూ హార్నెస్‌లు కొన్నాను కానీ లైఫ్‌లైన్లు వేయలేదు. తప్పే. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఒకరోజు బాచుపల్లిలో మా పిల్లవాడి జూలా తాడు పిట్టగోడ అంచుకు ఒరుసుకుని సగం తెగింది. ఐదో అంతస్తు. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఒకావిడ చూసి, గ్రిల్ తలుపు తీసి చేయి అందించి లోపలికి లాక్కుంది. ఆ రోజు సాయంత్రం నేను రాణీగంజ్ వెళ్లి తాళ్లు, రోప్ గ్రాబ్‌లు తెచ్చాను. ఆ బిల్లు ఇప్పటికీ దాచుకున్నాను.

సార్, మీరు చేయగలిగింది ఒకటుంది. మూడు కొటేషన్లలోనూ భద్రత ఖర్చు విడిగా రాయమనండి, దాని మీద బేరం ఉండదని ముందే చెప్పేయండి. అప్పుడు అందరం ఒకే లెక్క మీద పోటీపడతాం. మాలో మంచిగా చేద్దామనుకునేవాడు బతుకుతాడు.

---

పాలమూరు బిడ్డ | ఆదివారం ఉదయం 8:15

మేస్త్రీ అన్నా, నిజాయితీగా రాసినందుకు దండాలు.

మా నాయన సెంట్రింగ్ పని చేసేవాడు. మా ఊరి నుంచి ఏటా ఇరవై, ముప్పై మంది హైదరాబాద్ వచ్చి సైట్ల మీద రేకుల షెడ్లల్ల ఉండేవాళ్లు. 2006లో ఒక సైట్‌లో రెండో స్లాబు అంచున పలకలు విప్పుతుంటే కాలు జారి పడ్డాడు. ఎత్తు ఇరవై అడుగులు కూడా లేదు. నేను అప్పుడు ఏడో తరగతి.

నాయన బతికిండు. కానీ నడుము కింది భాగం మళ్లీ సరిగా పనిచేయలేదు. మేస్త్రీ 30 వేలు చేతుల పెట్టి ఊరికి బండెక్కించిండు. ఆ మేస్త్రీ మీద కూడా నాకు కోపం లేదు, అది ఆయన ఇంట్ల పైసలే. అసలు కాంట్రాక్టర్ ఎవరో మాకు ఈరోజుకూ తెలియదు. మా అమ్మ ఆ తర్వాత పదేళ్లు మిర్చి కోతలకు పోయి మమ్మల్ని సాకింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, అందరూ 9 అంతస్తులు, 40 అంతస్తులు అని భయపడతారు. రెండో స్లాబును, నిచ్చెనను, స్టూలును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "అలవాటే" అనే మాట మా నాయన కూడా అనేవాడు.

---

నిజాంపేట వాసి | ఆదివారం ఉదయం 11:05

తమ్ముడూ, నీ పోస్ట్ మా ఆవిడకు చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం. నాన్నగారు బాగుండాలని కోరుకుంటున్నాను.

పొద్దున్నే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి పని ఆపించాను. ఆయనకు కోపం వచ్చింది. "సరే, ఫుల్ హార్నెస్ వేస్తాను, పిట్టగోడకు హుక్కులు కొడతాను, చాలా?" అన్నాడు. మా పిట్టగోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. టెర్రస్ మీద ఇంకా ఓవర్‌హెడ్ ట్యాంకు, లిఫ్ట్ రూము, సోలార్ ప్యానెళ్ల స్టాండ్లు ఉన్నాయి. వీటిలో దేనికి కట్టొచ్చు?

---

లెక్కల ఇంజనీర్ | ఆదివారం మధ్యాహ్నం 12:30

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. పిట్టగోడ వద్దు, సోలార్ స్టాండ్ అసలే వద్దు. ఎందుకో చెప్తాను.

మనిషి బరువు 80 కిలోలే కదా, హుక్కు ఆపదా అనుకుంటారు. వేలాడే మనిషి వేరు, పడే మనిషి వేరు. 1.8 మీటర్ల తాడు వదులుగా ఉండి మనిషి అంత దూరం పడితే, తాడు బిగుసుకునే సరికి గంటకు 21 కిలోమీటర్ల వేగం ఉంటుంది. ఇదంతా 0.6 సెకన్లలో అయిపోతుంది. చేత్తో ఏదైనా పట్టుకుందామనే ఆలోచన వచ్చేలోపే అయిపోతుంది. ఆ వేగాన్ని ఒక్క కుదుపుతో ఆపితే శరీరం మీద, హుక్కు మీద పడే బలం మనిషి బరువుకు ఎన్నో రెట్లు. అందుకే లాన్‌యార్డ్‌లో, అంటే హార్నెస్‌ను హుక్కుకు కలిపే పొట్టి తాడులో, షాక్ అబ్జార్బర్ ఉంటుంది. మడతపెట్టి కుట్టిన పట్టీ అది. కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ దెబ్బను సాగదీస్తుంది. యూరప్ ప్రమాణం ప్రకారం అది బలాన్ని 6 కిలోన్యూటన్ల లోపే ఉంచాలి, అంటే దాదాపు 600 కిలోల బరువు. హుక్కు తగిలించే చోటు దీనికి చాలా రెట్లు గట్టిగా ఉండాలి. అమెరికాలో ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2.27 టన్నులు తట్టుకోవాలని నియమం. మీ నాలుగున్నర అంగుళాల గోడకు, ఆ నీళ్ల పైపుకు ఆ శక్తి ఎక్కడిది?

మీ టెర్రస్ మీద నమ్మదగినవి ట్యాంకు కింది ఆర్‌సీసీ పిల్లర్లు, లిఫ్ట్ రూము పిల్లర్లు. పిల్లర్ చుట్టూ స్లింగ్ అనే వెడల్పాటి పట్టీ వేసి దానికి లైఫ్‌లైన్ తగిలించాలి. పిల్లర్ మూలలు పదునుగా ఉంటాయి, గోనె పట్టా లేదా రబ్బరు మెత్త పెట్టాలి. పిల్లర్లు లేని వైపు స్లాబులోనో బీములోనో రంధ్రం వేసి కెమికల్ యాంకర్లు (గట్టిపడే మందుతో అతికించే బోల్టులు) బిగించి, ఒక్కొక్కదాన్నీ లాగి పరీక్షించాలి. ఆ పరీక్ష రిపోర్టు తీసుకోండి.

ఇంకో పొరపాటు తరచూ చూస్తుంటాను. రెండు పిల్లర్ల మధ్య అడ్డంగా వైరు బిగించి, నలుగురినీ దానికే హుక్కు వేసుకోమంటారు. వైరు ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిదనుకుంటారు. లెక్క దానికి రివర్సు. మనిషి పడ్డప్పుడు ఆ వైరు అడ్డగీతకు 30 డిగ్రీలు వంగితే చివర్ల మీద పడే లాగుడు పడ్డ బలమంతే. 5 డిగ్రీలే వంగితే దాదాపు 5.7 రెట్లు. 600 కిలోలు కాస్తా మూడున్నర టన్నులకు దగ్గరవుతుంది. అడ్డం లైన్లు లెక్క కట్టినవాళ్లే వేయాలి.

---

సైట్ సేఫ్టీ | ఆదివారం మధ్యాహ్నం 1:10

ఇంజనీర్ గారి లెక్కకు కింది వైపు లెక్క కూడా కలుపుతాను, పాలమూరు తమ్ముడు చెప్పిన రెండో స్లాబు గురించి కాబట్టి.

తాడు 1.8 మీటర్లు. అబ్జార్బర్ తెరుచుకుంటే ఇంకో 1.1. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5. కింద నేల తగలకుండా ఒక మీటరు మిగలాలి. హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి మొత్తం 5.4 మీటర్లు ఖాళీ కావాలి. మన అంతస్తు ఎత్తు 3 మీటర్లు. అంటే మొదటి స్లాబు అంచున నిలబడి ఛాతీ ఎత్తులో హుక్కు వేసుకున్నవాడు, హార్నెస్ ఎంత మంచిదైనా నేలకు కొట్టుకునే ప్రమాదం ఉంది, అక్కడ హుక్కు నేలకు నాలుగున్నర మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పాదాల దగ్గర హుక్కు వేస్తే ఇంకా ఘోరం, 3.3 మీటర్లు పడ్డాకే తాడు బిగుస్తుంది.

కాబట్టి తక్కువ ఎత్తులో బెల్ట్ మీద ఆధారపడకూడదు. స్లాబు అంచులకు గట్టి రెయిలింగ్, లిఫ్ట్ డక్టులకు తలుపు, స్లాబులో వదిలిన రంధ్రాలకు మేకులు కొట్టిన ప్లైవుడ్ మూత ఉండాలి. ఊరికే మూసి పెట్టిన ప్లైవుడ్ ముక్కను ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, లేదా రెండు చేతులతో దాన్ని ఎత్తి ముందుకు అడుగేసి ఆ రంధ్రంలోనే పడతారు. ఇలాంటిది నా కళ్లముందే జరిగింది. ఆ తర్వాత నా సైట్‌లో ప్రతి మూతకూ ఎర్ర రంగు వేసి "కింద గుంత" అని తెలుగు, హిందీ, ఒడియాల్లో రాయిస్తున్నాను.

---

తాడు పని | ఆదివారం సాయంత్రం 5:45

అన్నలకు నమస్తే. నేను రోప్ యాక్సెస్ టెక్నీషియన్‌ని, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు అద్దాలు తుడవడం, లీకులు మూయడం నా పని. ఐరాటా (తాళ్ల మీద పనిచేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం) పద్ధతిలో ఎప్పుడూ రెండు తాళ్లు. ఒకటి పని చేసేది, ఒకటి కాపాడేది, రెండూ వేర్వేరు యాంకర్లకు. ఈ పద్ధతి మాకు దేవుడితో సమానం.

అసోసియేషన్ వాళ్లు తాళ్ల గురించి అడగాల్సినవి చెప్తాను.

తాడు ఎంత పాతది, ఎక్కడ దాచుతున్నారు అని అడగండి. ఎండలో పడేసిన తాడు చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల పీచు పొడి అవుతుంది. నైలాన్ తాడుకు యాసిడ్ శత్రువు. రంగు వేసే ముందు ఎలివేషన్ టైల్స్‌ను యాసిడ్‌తో కడుగుతారు కదా, అదే తాళ్లతో అదే రోజు ఆ పని చేయిస్తే నా మాట నమ్మండి, ఆ తాడు మీద నేను ఎక్కను. యాసిడ్ తగిలిన తాడును, ఒక్కసారైనా మనిషిని ఆపిన హార్నెస్‌ను, లాన్‌యార్డ్‌ను కోసి పారేయాలి. మళ్లీ ఎవరూ వాడకుండా కోయాలి.

పిట్టగోడ అంచు మీద తాడు ఆనే ప్రతి చోటా మెత్త ఉండాలి. బాచుపల్లిలో జరిగింది మేస్త్రీ అన్న చెప్పాడుగా.

గాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది, నాలుగింటికి ఉన్నట్టుండి గాలివాన. తాడు మీద ఉన్నవాడికి పైకి రావడానికి పది నిమిషాలు పడుతుంది, గాలి రావడానికి రెండు నిమిషాలు చాలు. మబ్బు కనబడగానే పైన ఉన్న మనిషి విజిల్ వేయాలి, అందరూ దిగాలి. వర్షం మొదలయ్యాక కాదు.

అన్నిటికంటే ముఖ్యంగా ఇది అడగండి: మనిషి పడి బెల్ట్ ఆపింది, గాల్లో వేలాడుతున్నాడు, స్పృహ లేదు. ఇప్పుడు ఎవరు దించుతారు, ఎలా దించుతారు? కాంట్రాక్టర్లలో చాలామంది ఫైర్ ఇంజన్‌కు ఫోన్ చేస్తాం అంటారు. కదలకుండా హార్నెస్‌లో వేలాడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, గుండెకు, మెదడుకు సరిపోదు. నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, అరగంట లోపే ప్రాణం పోవచ్చు. ఫోన్ చేయండి, కానీ అది వచ్చేలోపే దించే మనిషి, సామాను పైన సిద్ధంగా ఉండాలి. స్పృహలో ఉన్నవాడికి కాళ్లు పెట్టి నిలబడటానికి చిన్న పట్టీలు కొన్ని హార్నెస్‌లకే ఉంటాయి, అవి ఉన్నాయేమో చూడండి.

---

కొండాపూర్ ట్రెజరర్ | ఆదివారం రాత్రి 8:00

అందరి మాటలూ చదివాను, గౌరవంగానే ఒక మాట అంటాను. మా 5 అంతస్తుల బిల్డింగ్‌కు రెండుసార్లు మామూలు జూలాతోనే రంగు వేయించాం, ఏ ప్రమాదమూ జరగలేదు. మా దగ్గర సగం ఫ్లాట్లవాళ్లు నెల మెయింటెనెన్స్ కట్టడానికే నెలలు పెడతారు. లక్షలు అదనం అంటే పనే ఆగిపోతుంది. పెద్ద సైట్లకు పెట్టే నియమాలు చిన్న బిల్డింగులకు పెడితే ఎలా?

---

సైట్ అకౌంట్స్ అక్క | ఆదివారం రాత్రి 8:50

ట్రెజరర్ గారూ, నేను పన్నెండేళ్లుగా కాంట్రాక్టర్ల బిల్లులు రాసేదాన్ని. లెక్కతోనే చెప్తాను. నిజాంపేట వాళ్ల మూడో కొటేషన్‌లో భద్రతకు 1,85,000. ఫ్లాట్లు 108. ఒక్కో ఫ్లాట్‌కు 1,713 రూపాయలు. బయటి రంగు ఆరేడేళ్లకోసారి వేయిస్తాం. నెలకు చూస్తే పాతిక రూపాయలు కూడా రాదు. డబ్బుల ఇబ్బంది ఉన్నవాళ్లకు రెండు వాయిదాలు ఇవ్వండి.

మీ బిల్డింగ్‌లో రెండుసార్లు ఏమీ కాలేదు, సంతోషం. పాలమూరు తమ్ముడి నాన్న కూడా ఆ రోజు దాకా కొన్ని వందల స్లాబులు క్షేమంగానే విప్పి ఉంటాడు కదా.

ఇంకో విషయం, ఇది బిల్లులు రాసేవాళ్లకే బాగా కనబడుతుంది. పెయింటర్లకు కూలి చాలాచోట్ల చదరపు అడుగు లెక్కన కడతారు. హుక్కు తీసి ఇంకోచోట తగిలించడానికి, తాడు జరపడానికి పట్టే టైమంతా వాళ్ల జేబులోంచి పోతుంది. గాలికి గంట ఆగితే ఆ గంట కూలి లేదు. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? హుక్కు వేయకుండా తొందరగా కానిస్తారు. అందుకే ఎత్తు మీద పనిచేసేవాళ్లకు రోజు కూలి ఇవ్వాలని, గాలీ వానా వచ్చి ఆగిన పూట కూలి కోయకూడదని అగ్రిమెంట్‌లో రాయించండి. ఈ ఒక్క వాక్యం నాలుగు హార్నెస్‌లంత పని చేస్తుంది.

---

రంగుల మేస్త్రీ | ఆదివారం రాత్రి 9:15

అక్కా, ఈ మాట ఇన్నేళ్లలో నన్ను ఒక్క అసోసియేషన్ కూడా అడగలేదు. నా మట్టుకు నేను రేపటి నుంచే మారుస్తాను.

---

నాంపల్లి అడ్వకేట్ | ఆదివారం రాత్రి 10:30

చట్టం వైపు కొంచెం చెప్తాను. "ఏం జరిగినా బాధ్యత కాంట్రాక్టర్‌దే" అని ఒక లైను రాయించుకుంటే చాలని అసోసియేషన్లు అనుకుంటాయి. డబ్బు విషయంలో అది కొంత పనికొస్తుంది. కానీ నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు, ఐదేళ్ల దాకా శిక్ష. ప్రమాదం ఉందని తెలిసీ పని నడిపించినవాళ్లు ఎవరెవరని పోలీసులు అడుగుతారు, అప్పుడు ఆ లైను అడ్డు రాదు. నిజాంపేట వారు తాడు పైపుకు కట్టి ఉండటం కళ్లారా చూశారు. చూశాక ఆపించారు, మంచి పని చేశారు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో, 1923 నాటి నష్టపరిహార చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిశాయి. భద్రత విధులు పాటించక ప్రాణం పోతే యజమానికి రెండేళ్ల దాకా జైలు లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు.

పరిహారం లెక్క ఇలా ఉంటుంది. మరణిస్తే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే ఒక సంఖ్యతో గుణిస్తారు. 30 ఏళ్లవాడికి ఆ సంఖ్య 207.98. వేతనం 15,000గా తీసుకుంటే 15,59,850 రూపాయలు. చిన్న కాంట్రాక్టర్ చేతిలో ఈ డబ్బు ఉండదు, పాలమూరు తమ్ముడి ఇంటికి వచ్చినట్టు 30 వేలే వస్తాయి. అందుకే పని మొదలుకాకముందే కార్మిక పరిహార బీమా పాలసీ కాపీ అడగండి. అందులో మూడు చూడండి: గడువు తేదీ, ఎంతమంది మనుషులకు, ఎత్తులో పని అని రాసి ఉందా. "ఇంటీరియర్ పెయింటింగ్, 4 మంది" అని పాలసీ తీసుకుని 15 మందిని బయట దింపినవాళ్లను చూశాను. క్లెయిమ్ రాలేదు.

18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ముందటి ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో సభ్యులు కావచ్చు. మీ దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎవరికి కార్డు ఉందో అడగండి. లేనివాళ్లకు దరఖాస్తు పెట్టించడం మీ బిల్డింగ్‌లో చదువుకున్నవాళ్లకు ఒక్క ఆదివారం పని.

---

జీడిమెట్ల మెయింటెనెన్స్ | సోమవారం ఉదయం 7:20

చర్చ అపార్ట్‌మెంట్ల గురించి సాగుతోంది, కానీ ఫ్యాక్టరీ రేకుల గురించి ఒక ముక్క రాయకుండా ఉండలేను. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలో పాత సిమెంటు రేకులు మారుస్తుంటారు, వాటి మీద సోలార్ ప్యానెళ్లు కూడా పెడుతున్నారు. మనుషులు అంచు నుంచి పడతారని అందరూ అంచుకే తాడు కడతారు. మా దగ్గర జరిగినవి రేకు పగిలి లోపలికి పడిపోయినవే. వెలుతురు కోసం మధ్యలో వేసే ప్లాస్టిక్ రేకులు దుమ్ము పట్టాక మామూలు రేకుల్లాగే కనబడతాయి. వాటి మీద కాలు పెట్టొద్దు. కింద ఉన్న ఇనుప పర్లిన్ల (రేకులను మోసే అడ్డ కమ్మీల) మీద ఆనేలా పొడవాటి నడక పలకలు వేసుకునే నడవాలి. కింద వల కట్టాలి. ఇంటి పైన రేకుల షెడ్డు ఉన్నవాళ్లు కూడా వాన లీకైందని పిల్లలను ఎక్కించకండి.

---

నిజాంపేట వాసి | బుధవారం రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను, రెండు రోజులు మీటింగులతోనే సరిపోయింది.

మీ పోస్టులు ప్రింటు తీసి మీటింగ్‌లో చదివాను. 1,713 రూపాయల లెక్క బాగా పనిచేసింది. అయినా అందరూ ఒప్పుకోలేదు. 62 మంది వస్తే 44 మంది సరే అన్నారు, మిగిలినవాళ్లు రెండు వాయిదాలకు ఒప్పుకుని ఊరుకున్నారు. కొందరింకా గొణుగుతూనే ఉన్నారు.

ముగ్గురు కాంట్రాక్టర్లకూ కొత్త షరతులు పంపాం. మొదటి ఆయన "ఇన్ని రూల్స్ మధ్య నేను చేయలేను" అని తప్పుకున్నాడు. రెండో ఆయన భద్రత ఖర్చు విడిగా చూపించి 23 లక్షల 40 వేలకు వచ్చాడు. ఆయన్ను నేనే ఓ రెండు గంటలు ప్రశ్నలడిగాను. క్రేడిల్‌లో ఉన్నవాళ్లకు కూడా లైఫ్‌లైన్ వేరేగా వేస్తారా అంటే వేస్తానన్నాడు. పడితే ఎవరు దించుతారు అంటే కాసేపు ఆలోచించి, "నాకు తెలియదు సార్, నేర్చుకుంటాను" అన్నాడు. ఆ జవాబే నాకు నచ్చింది. పని ఆయనకే ఇస్తున్నాం. యాంకర్లు పరీక్షించి రిపోర్టు ఇచ్చే ఇంజనీర్ ఫీజు అసోసియేషన్ భరిస్తుంది.

ఒక సందేహం. ఆయన మనుషులకు హార్నెస్ సరిగా వేసుకోవడం, దించడం ఎక్కడ నేర్పించవచ్చు?

---

సైట్ సేఫ్టీ | బుధవారం రాత్రి 10:40

చాలా సంతోషమండి. నిర్మాణ కార్మికుల శిక్షణ కోసం 1998లో పెట్టిన న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) మన హైటెక్స్ దగ్గరే ఉంది, అక్కడ అడగండి. హార్నెస్ అమ్మే కంపెనీలు కూడా డెమో ఇస్తాయి. మొదటి రోజు నేనే వస్తాను, ఆదివారమైతే వీలవుతుంది. 80 కిలోల ఇసుక బస్తాను లైఫ్‌లైన్‌కు వేలాడదీసి, దాన్ని కిందికి దించే ప్రాక్టీసు వాళ్లతోనే చేయిద్దాం. ఎక్కేముందు ప్రతి ఒక్కరికీ బీపీ చూపించండి, మూర్ఛ, కళ్లు తిరగడం ఉన్నాయా అని పక్కకు పిలిచి అడగండి. అందరి ముందు అడిగితే పని పోతుందని చెప్పరు.

---

నిజాంపేట వాసి | 19 రోజుల తర్వాత, సోమవారం రాత్రి 8:30

ఈరోజు పని మొదలైంది. నిన్న సేఫ్టీ గారు వచ్చి మూడు గంటలు ఉన్నారు, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయారు. బస్తా దించడానికి మొదటిసారి 22 నిమిషాలు పట్టింది, నాలుగోసారికి 7 నిమిషాలు. తాడు పని తమ్ముడు ఫోన్‌లో వీడియో చూసి రెండు ముడులు మార్పించాడు.

శాంపిల్ రోజు పలక మీద కూర్చున్న కుర్రాడు గుర్తున్నాడా? ఈ కాంట్రాక్టర్ దగ్గర చేరాడు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చాడట. హార్నెస్ తొడ పట్టీలు బిగుసుకుంటున్నాయని మొదట విసుక్కున్నాడు, సరిచేశాక ఊరుకున్నాడు. సంక్షేమ బోర్డు కార్డు లేదు, ఆదివారం మా అమ్మాయి దరఖాస్తు నింపుతానంది.

ఒక్క సమస్య. మధ్యాహ్నం వాళ్లు అన్నానికి కిందికి వచ్చినప్పుడు పిల్లలు టెర్రస్ మీదికి వెళ్లి తాళ్లతో ఆడుతున్నారు. వాచ్‌మన్ చూసి తరిమాడు. రేపటి నుంచి టెర్రస్ తలుపుకు తాళం వేసి తాళంచెవి పైన ఉండే మనిషికే ఇస్తున్నాం.

---

తాడు పని | సోమవారం రాత్రి 9:05

తాళం ఒక్కటే చాలదు సార్. ట్యాంకు నింపేవాళ్లు, డిష్ వాళ్లు, ఇంటర్నెట్ వాళ్లు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, అడ్డంగా ఉందని ముడి విప్పేస్తారు. ప్రతి యాంకర్ దగ్గరా "మనిషి ప్రాణం ఉంది, ముట్టుకోవద్దు" అని బోర్డు కట్టండి. ఏ తాడు ఎవరిదో తెలిసేలా రంగు టేపు చుట్టించండి. అన్నం తిని వచ్చాక ఎక్కేముందు ఎవరి ముడి వాళ్లు మళ్లీ చూసుకోవాలి, పక్కవాడు ఇంకోసారి చూడాలి. పొద్దున చూశాం కదా అనుకోవద్దని చెప్పండి.